తాగుడు మానాలనుకునేవారి మీటింగులు: వెతకడం, వెళ్లడం, నిలబడటం

తాగుడు మానడానికి సాయపడే గ్రూపుల గురించి అడిగేవాళ్లకు చాలాసార్లు అడ్రసు దొరకకపోవడం సమస్య కాదు. అడ్రసు జేబులో పెట్టుకుని వీధి మలుపు దాకా వెళ్లి, ఎవరైనా చూస్తారేమోనని వెనక్కి తిరిగి వచ్చేసినవాళ్లు బోలెడుమంది. అందుకే గ్రూపును ఎలా వెతకాలో చెబుతూనే, లోపల ఏం జరుగుతుందో, ఏం అడుగుతారో, ఏం అడగరో కూడా ఇక్కడ విడమరిచి చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. మీటింగ్‌లో వినిపించే మాటలకన్నా అక్కడ దొరికే నాలుగు ఫోన్ నంబర్లు ఎక్కువ పనిచేస్తాయి. కింద రాసినదంతా ఆ నంబర్ల దాకా మిమ్మల్ని తీసుకెళ్లడానికే.

ముందు ఒంటి సంగతి

చాలాకాలంగా, రోజూ, ఎక్కువ మోతాదులో తాగుతున్నవాళ్లు ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. ఆఖరి గ్లాసు తర్వాత కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు మొదలుకావచ్చు. మొదటి రెండు రోజుల్లో కొందరికి మూర్ఛ వస్తుంది. సాధారణంగా రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మరికొందరికి డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నదీ తెలియదు, జ్వరం వస్తుంది, బీపీ అదుపు తప్పుతుంది. వెంటనే చికిత్స అందకపోతే ప్రాణమే పోవచ్చు.

పొద్దున లేవగానే చేతులు వణికి, కాస్త మందు పడితేగానీ ఆ వణుకు ఆగనివాళ్లూ, ఇంతకుముందు మానినప్పుడు మూర్ఛ వచ్చినవాళ్లూ మీటింగ్ కన్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కొన్ని రోజుల మందులతో, బి1 విటమిన్‌తో ఈ దశను దాటించడం వైద్యులకు బాగా తెలిసిన పని. గ్రూపులో ఇరవై ఏళ్లుగా తాగకుండా ఉన్న మనిషైనా ఈ పని చేయలేడు. అలాగని ఒళ్లు పూర్తిగా బాగయ్యాకే వెళ్దామని వాయిదా వేయకండి. కొన్ని ఆస్పత్రుల్లో, డీఅడిక్షన్ సెంటర్లలో వార్డు దగ్గరే మీటింగులు జరుగుతాయి.

అసలు నేను అంత తాగుతున్నానా అనే అనుమానం ఉంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన ఆడిట్ అనే ప్రశ్నావళి ఉంది. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. 8 గానీ అంతకు మించి గానీ వస్తే తాగుడు హాని చేసే స్థాయిలో ఉన్నట్టు. 20 గానీ అంతకు మించి గానీ వస్తే తాగుడుకు బానిసయ్యారేమో వైద్యుడికి చూపించుకోవాలి. మార్కులు తక్కువొచ్చినంత మాత్రాన మీటింగ్‌కి వెళ్లకూడదని లేదు. మానాలని మీకు అనిపిస్తే చాలు.

ఏయే గ్రూపులు ఉన్నాయి

అన్నిటికన్నా సులువుగా దొరికేది ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అంటారు. సుమారు 180 దేశాల్లో దీని గ్రూపులు ఉన్నాయి. ఇది మొదలైన తీరు తెలిస్తే మీటింగుల వెనకున్న కిటుకు సగం అర్థమవుతుంది.

1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ స్టాక్ బ్రోకర్ వ్యాపారం పని మీద అమెరికాలోని ఆక్రన్ పట్టణానికి వచ్చాడు. అప్పటికి కొన్ని నెలలుగా మందు ముట్టలేదు. వచ్చిన పని చెడింది. హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు, పక్కనే బార్. ఆయన బార్ వైపు కాకుండా ఫోన్ వైపు నడిచాడు. అక్కడున్న చర్చిల జాబితా చూసి ఒక మతగురువుకు ఫోన్ చేశాడు, ఆయన ఇచ్చిన పేర్లు పట్టుకుని ఒక్కొక్కరికీ చేస్తూ పోయాడు. తనలాగే తాగుడుతో అవస్థపడుతున్న మనిషి ఎవరైనా ఉంటే మాట్లాడాలని ఆయన తపన. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంట మించి కూర్చోనని ముందే షరతు పెట్టి వచ్చిన ఆ డాక్టర్ ఆరు గంటలకు పైగా మాట్లాడుతూ ఉండిపోయాడు. ఆయన చివరిసారి మందు తాగిన 1935 జూన్ 10నే సంస్థ పుట్టినరోజుగా లెక్కిస్తారు. బిల్ ఆ ఫోన్ చేసింది ఎవరికో బుద్ధి చెప్పడానికి కాదు. ఆ పూట తాను తాగకుండా ఉండటానికి.

ఏఏలో చేరడానికి ఫీజు లేదు, దరఖాస్తు లేదు, హాజరుపట్టీ లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత అని వాళ్ల పన్నెండు సంప్రదాయాల్లో మూడోది చెబుతుంది. ఖర్చులు సభ్యులే భరిస్తారు, బయటివాళ్ల విరాళాలు తీసుకోరు. కోలుకునే దారిగా పన్నెండు మెట్లు ఉంటాయి. వాటిలో దేవుడి ప్రస్తావన ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

దేవుడి మాట వద్దు, నన్ను నేను ఆల్కహాలిక్ అని పిలుచుకోను అనేవాళ్లకు స్మార్ట్ రికవరీ నప్పుతుంది. 1994 నుంచి ఈ పేరుతో నడుస్తోంది. ఆలోచనా తీరును, అలవాట్లను మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ పద్ధతులు దీనికి పునాది. శిక్షణ పొందిన ఫెసిలిటేటర్ మీటింగ్ నడుపుతాడు. మానాలన్న పట్టుదల పెంచుకోవడం, కోరిక వచ్చినప్పుడు తట్టుకోవడం, ఆలోచనలనూ ఆవేశాలనూ సంభాళించుకోవడం, జీవితాన్ని ఒక దారిలో పెట్టుకోవడం అనే నాలుగు అంశాల మీద పని చేయిస్తారు. తాగితే లాభనష్టాలేమిటి, మానితే లాభనష్టాలేమిటి అని కాగితం మీద గీతలు గీసి రాయిస్తారు. చదువుకోవడం, రాసుకోవడం ఇష్టపడేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది.

లైఫ్‌రింగ్ కూడా మతంతో సంబంధం లేనిదే. గడిచిన వారం ఎలా ఉంది, వచ్చే వారం ఎలా ఉండబోతోంది అని ఒక్కొక్కరూ మాట్లాడుకుంటూ పోతారు. ఆడవాళ్ల కోసమే 1970ల్లో జీన్ కిర్క్‌పాట్రిక్ అనే సామాజిక శాస్త్రవేత్త విమెన్ ఫర్ సొబ్రైటీని ప్రారంభించింది. మగవాళ్లు నిండిన గదిలో నోరు పెగలని స్త్రీలు దీన్ని ప్రయత్నించాలి. బౌద్ధ ధ్యాన పద్ధతులు నచ్చినవాళ్లకు రికవరీ ధర్మ ఉంది. యూరప్‌లో బ్లూ క్రాస్ 1877 నుంచే ఉంది. జంతువుల సంక్షేమం చూసే బ్లూ క్రాస్ వేరు, తాగుడు మాన్పించే బ్లూ క్రాస్ వేరు, వెతికేటప్పుడు పొరపడకండి.

ఏది గొప్పదో తేల్చుకుని వెళ్దామని నెలల తరబడి చదువుతూ కూర్చునేవాళ్లు ఉంటారు. ఏఏ గురించిన పరిశోధనలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2020లో వచ్చింది. 27 అధ్యయనాలు, 10,565 మంది. ఏఏలోకి పద్ధతి ప్రకారం చేర్పించే చికిత్సలు పొందినవాళ్లలో ఏడాది తర్వాత పూర్తిగా మానినవాళ్లు 42 శాతం, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ లాంటి ఇతర చికిత్సలు పొందినవాళ్లలో 35 శాతం. అంటే ఏఏ తీసిపారేసేది కాదు, మంత్రదండమూ కాదు. ఇది ఎందుకు పనిచేస్తోందని ఆరా తీసిన పరిశోధకులకు కనిపించిన ప్రధాన కారణాల్లో ఒకటి, తాగే స్నేహితులు తగ్గి తాగని స్నేహితులు పెరగడం. కాబట్టి నన్నడిగితే, వారానికి రెండుసార్లైనా వెళ్లగలిగేంత దగ్గరలో ఏది ఉంటే అదే మీకు మంచి గ్రూపు. సిద్ధాంతం నచ్చినా, రెండు గంటలు ప్రయాణం చేసి వెళ్లాల్సిన గ్రూపుకు మూడో వారం ఎగ్గొడతారు.

వెతకడం

సంస్థ సొంత వెబ్‌సైట్‌తో మొదలుపెట్టండి. ఏఏకి మీటింగ్ గైడ్ అనే ఉచిత యాప్ ఉంది, మీరున్న చోటికి దగ్గరలో ఏ రోజు ఏ వేళకు మీటింగ్ ఉందో చూపిస్తుంది. అయితే అన్ని దేశాల మీటింగులూ అందులో ఉండవు. అందులో కనిపించలేదంటే మీ దగ్గర లేవని కాదు. అప్పుడు మీ దేశపు ఏఏ వెబ్‌సైట్‌లో ఇంటర్‌గ్రూప్ నంబర్ కోసం చూడండి. ఒక ప్రాంతంలోని గ్రూపులన్నీ కలిసి నడుపుకునే ఆఫీసు అది. స్మార్ట్ రికవరీ, లైఫ్‌రింగ్ వెబ్‌సైట్లలోనూ మీటింగుల జాబితా ఉంటుంది.

ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. మద్యపానం మాన్పించే మీటింగులు అని కొడితే పైన వచ్చేవి తరచూ డబ్బు తీసుకునే చికిత్సా కేంద్రాల ప్రకటనలు. ఫోన్ ఎత్తినవాళ్లు మీ పేరు, ఇన్సూరెన్స్, జీతం వివరాలు అడుగుతున్నారంటే అది సహాయక గ్రూపు కాదు. మర్యాదగా పెట్టేయండి.

ఫోన్ చేయడమే సందేహాలు తీరే దగ్గరి దారి. "నాకు తాగుడు సమస్య ఉంది, మీటింగ్‌కి మొదటిసారి రావాలనుకుంటున్నాను" అంటే చాలు, కథంతా చెప్పక్కర్లేదు. ఏఏ నంబర్లకు జవాబు చెప్పేది చాలాచోట్ల ఒకప్పుడు తాగి మానినవాళ్లే, జీతం లేకుండా ఆ పని చేస్తుంటారు. జాబితాలో ఉన్న మీటింగ్ ఇప్పటికీ అదే చోట జరుగుతోందా అని అడగండి. పాత అడ్రసులు అలాగే ఉండిపోవడం మామూలే. ఏ గేటు, ఎన్నో అంతస్తు, ఏ భాషలో మాట్లాడతారు, మెట్లు ఎక్కలేనివాళ్లు రాగలరా, ఇవన్నీ అడగండి. చివరగా, "గేటు దగ్గర ఎవరైనా కలుస్తారా?" అని కూడా అడగండి. చాలామంది మొహమాటపడి అడగని ప్రశ్న ఇది. కొత్తవాళ్లను ఎదురొచ్చి తీసుకెళ్లడం అవతలివాళ్లకు భారం కాదు, తమ పనిలో భాగమే అనుకుంటారు.

జాబితాలో కనిపించే కొన్ని మాటలు తెలిసి ఉండాలి. ఓపెన్ మీటింగ్ అంటే ఎవరైనా రావచ్చు: కుటుంబసభ్యులు, విద్యార్థులు, ఊరికే చూద్దామని వచ్చినవాళ్లు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునేవాళ్లకు మాత్రమే. మీరు మానాలనుకుంటున్నారు కాబట్టి రెండింటికీ వెళ్లవచ్చు. తోడు ఎవరినైనా తీసుకెళ్తే మాత్రం ఓపెన్ చూసుకోండి. స్పీకర్ మీటింగ్‌లో ఒకరిద్దరు తమ కథ చెబుతారు, మిగతావాళ్లు వింటారు. మొదటిసారి నోరు విప్పడానికి భయపడేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు. డిస్కషన్ మీటింగ్‌లో వంతులవారీగా మాట్లాడతారు. స్టెప్ మీటింగ్‌లో పన్నెండు మెట్లలో ఒకదాన్ని తీసుకుని చర్చిస్తారు. కొత్తవాళ్ల మీటింగులు, ఆడవాళ్ల మీటింగులు, యువకుల మీటింగులు విడిగా కూడా ఉంటాయి.

మీ చుట్టుపక్కల ఏమీ లేకపోతే ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి. వీడియోలో జరిగేవి, ఫోన్‌లో జరిగేవి రెండూ దొరుకుతాయి. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఏ వేళకైనా ఏదో ఒక మీటింగ్ నడుస్తూనే ఉంటుంది. అర్ధరాత్రి రెండింటికి మందు గుర్తొచ్చే మనిషికి ఇది పెద్ద వరం. కెమెరా ఆపేసి వినవచ్చు. లోపలికి వెళ్లేముందు తెర మీద కనిపించే పేరు మార్చుకోవడం మరచిపోవద్దు, ఆఫీసు అకౌంటుతో ఇంటిపేరు సహా ప్రత్యక్షమైనవాళ్లు ఉన్నారు. ఇంట్లో గోడలు పల్చనైతే ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

మొదటి రోజు

మీరు రోజూ మందు మొదలుపెట్టే వేళ ఏదో ఆ వేళకున్న మీటింగ్ ఎంచుకోండి. సాయంత్రం ఏడింటికి గ్లాసు పట్టే చేయి ఆ సమయంలో ఖాళీగా ఇంట్లో ఉండకుండా కుర్చీలో కూర్చుని ఉంటే, ఆ రోజు సగం గడిచినట్టే.

పది పదిహేను నిమిషాలు ముందే వెళ్లండి. ఆలస్యంగా వెళ్తే అందరి కళ్లూ మీ మీదే పడతాయని భయం వేస్తుంది, ఆ భయమే వెనక్కి తిప్పుతుంది. ముందు వెళ్తే కుర్చీలు సర్దుతున్న ఒకరిద్దరే ఉంటారు. "కొత్తగా వచ్చాను" అంటే మిగతాది వాళ్లే చూసుకుంటారు. మంచి బట్టలు, తయారీ ఏమీ అక్కర్లేదు.

ఆ రోజు తాగకుండా వెళ్లగలిగితే మంచిది. తాగి ఉంటే వెళ్లడం మానేయాలా అంటే, అక్కర్లేదు. చాలా గ్రూపుల్లో గొడవ చేయకుండా కూర్చుంటే ఎవరూ పొమ్మనరు. ఆ పూట మాట్లాడకుండా వినమంటారు. బండి మాత్రం నడపకండి. సీసా వెంట తీసుకెళ్లకండి.

లోపల ఏం జరుగుతుంది

సాధారణంగా గంట నుంచి గంటన్నర. ఏఏ మీటింగ్ అయితే, ఆ రోజు నడిపే సభ్యుడు సంస్థ గురించి ఒక చిన్న పరిచయం చదువుతాడు. ఇంకొకరు పన్నెండు మెట్లు చదువుతారు. తర్వాత, మొదటిసారి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు. చెయ్యెత్తవచ్చు, ఎత్తకపోవచ్చు. ఎత్తితే మాత్రం లాభం ఉంది, మీటింగ్ అయ్యాక ఎవరు పలకరించాలో వాళ్లకు తెలుస్తుంది. పేరు చెప్పమంటే అసలు పేరో, ముద్దుపేరో, ఏదో ఒకటి చెప్పండి. ఇంటిపేరు ఎవరూ అడగరు. పేరు చెప్పి "నేను ఆల్కహాలిక్‌ని" అనడం అక్కడి వాడుక. అనాలనిపించకపోతే పేరుతో ఆపేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ తర్వాత షేరింగ్. ఒక్కొక్కరూ కొన్ని నిమిషాలు మాట్లాడతారు. మీ వంతు వచ్చినప్పుడు "ఈ రోజు వింటాను" అంటే పక్కవాళ్లకు వెళ్తుంది. మొదటి నాలుగైదుసార్లు ఇలాగే అన్నా తప్పులేదు. మాట్లాడాలనిపిస్తే ఒక చిన్న సూత్రం ఉంది: ఇంతకుముందు ఎలా ఉండేది, ఏం జరిగింది, ఇప్పుడు ఎలా ఉంది. కొత్తవాళ్లకు మూడోది ఇంకా ఉండదు కాబట్టి మొదటి రెండూ చాలు. ఎంత తాగేవాళ్లో లెక్క చెప్పనక్కర్లేదు.

కొత్తవాళ్లను ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. మీరు కన్నీళ్లతో ఏదో చెబుతారు, "థాంక్యూ" అని తర్వాతి మనిషి తన కథ మొదలుపెడతాడు. సలహా రాదు, ఓదార్పు రాదు. వీళ్లకు మనసు లేదా అనిపిస్తుంది. అది నిర్లక్ష్యం కాదు. ఒకరి మాటకు ఒకరు జవాబివ్వడం, మధ్యలో అడ్డుపడటం ఏఏలో చాలాచోట్ల నిషేధం, క్రాస్‌టాక్ అంటారు. ఏం చెప్పినా ఎవరూ తీర్పు చెప్పరన్న ధైర్యం దానివల్లే వస్తుంది. ఓదార్పు మీటింగ్ ముగిశాక వస్తుంది. స్మార్ట్ రికవరీ, లైఫ్‌రింగ్‌లలో మాత్రం పద్ధతి వేరు, అక్కడ ఒకరినొకరు ప్రశ్నలు వేసుకుంటూ మాట్లాడుకోవచ్చు.

మధ్యలో ఒక బుట్ట గానీ డబ్బా గానీ తిరుగుతుంది. గది అద్దెకు, పుస్తకాలకు. కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. కొన్నిచోట్ల తాగకుండా గడిపిన కాలానికి గుర్తుగా బిళ్లలు ఇస్తారు: మొదటి రోజుకు, నెలకు, మూడు నెలలకు, ఏడాదికి. చివర ప్రార్థన ఉండవచ్చు. గొంతు కలపాలనిపించకపోతే మౌనంగా నిలబడితే చాలు.

వెనక్కి లాగే రెండు భయాలు

తెలిసినవాళ్లు కనిపిస్తే ఎలా? కనిపించవచ్చు. క్లోజ్డ్ మీటింగ్‌లో మిమ్మల్ని చూసిన మనిషి కూడా మీలాగే అక్కడికి వచ్చినవాడేనని గుర్తుంచుకుంటే సగం భయం పోతుంది. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలి వెళ్లాలన్నది అన్ని గ్రూపుల్లోనూ కట్టుబాటు, ఎక్కువమంది దాన్ని ప్రాణంగా చూసుకుంటారు. అయినా అది కట్టుబాటే, చట్టం కాదు. డాక్టర్‌తోనో లాయర్‌తోనో మాట్లాడినట్టు రక్షణ ఉండదు. కోర్టు కేసుల సంగతులు, ఇతరుల గుట్టు, ఉద్యోగానికి ముప్పు తెచ్చే విషయాలు అందరి ముందూ పెట్టకండి. అలాంటివి చెప్పుకోవడానికి తర్వాత ఒక మనిషి దొరుకుతారు.

రెండోది దేవుడు. ఏఏ మెట్లలో కొన్నిచోట్ల మన కన్నా పెద్ద శక్తి అనో, మనకు అర్థమైన రూపంలో దేవుడు అనో ఉంటుంది. తొలిరోజుల్లో నమ్మకం లేని సభ్యులు పట్టుబట్టి ఆ సడలింపు పెట్టించారు. గ్రూపునే ఆ శక్తి అనుకునే నాస్తికులు ఎందరో ఉన్నారు. సెక్యులర్ ఏఏ మీటింగులు కూడా నడుస్తాయి. ఒక గ్రూపులో ప్రార్థనలు ఎక్కువైతే ఇంకో గ్రూపులో అంతగా ఉండకపోవచ్చు, ఎందుకంటే ప్రతి గ్రూపూ తన పద్ధతి తానే నిర్ణయించుకుంటుంది. వీటన్నిటి తర్వాతా మింగుడుపడకపోతే స్మార్ట్ రికవరీ ఉండనే ఉంది, మిమ్మల్ని మీరు బలవంతపెట్టుకోకండి.

ముగిశాక పావుగంట

మీటింగ్ అయిపోగానే గబగబా బయటికి నడవడం కొత్తవాళ్ల అలవాటు. దయచేసి ఆగండి. అసలు పని ఈ పావుగంటలో జరుగుతుంది. ఎవరి మాటలు వింటుంటే నా కథే అనిపించిందో ఆ మనిషి దగ్గరికి వెళ్లి, "మీరు చెప్పింది నాకు తగిలింది, మీ నంబర్ ఇస్తారా?" అనండి. నంబర్ అడిగితే నొచ్చుకునేవాళ్లు అక్కడ అరుదు. ఒకటి కాదు, మూడు నాలుగు తీసుకోండి, తెల్లవారుజామున ఒకరు ఎత్తకపోతే ఇంకొకరు ఎత్తుతారు.

నంబర్లు తీసుకున్నవాళ్లు చాలామంది వాటిని వాడరు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేద్దామనుకుంటారు. కానీ తాగాలని ఒళ్లంతా లాగుతున్న వేళ, ఒక్కసారి కూడా మాట్లాడని మనిషికి ఫోన్ చేయడం ఎవరివల్లా కాదు. అందుకే మర్నాడే, ఏ అవసరమూ లేనప్పుడే చేయండి. "నిన్న కలిశాం కదండీ, ఈ వారం మీటింగ్‌కి వస్తున్నారా?" రెండు నిమిషాల మాట. ఇలా నాలుగుసార్లు చేస్తే అయిదోసారి "ఇప్పుడు షాపు ముందున్నాను" అనడం నోటికి వస్తుంది. తాగాలనే కోరిక ఎంత గట్టిగా వచ్చినా అలాగే నిలబడి ఉండదు, కాసేపటికి సన్నగిల్లుతుంది. ఆ కాసేపు ఒక మనిషి గొంతు వినబడుతూ ఉంటే చాలు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏదున్నా కోరిక ముదురుతుందని గ్రూపుల్లో పదే పదే చెబుతారు. ముందు అన్నం తిని ఫోన్ చేయమని సలహా ఇస్తే నవ్వకండి.

ఎన్ని మీటింగులు, ఏ గ్రూపు

ఒక్క మీటింగ్ చూసి నాకు పడదని తేల్చేయకండి. ఏఏలో కొత్తవాళ్లకు తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అని ఒక మాట చెబుతారు. అది నియమం కాదు. కుదిరినవాళ్లకు బాగానే పనిచేస్తుంది, పిల్లలూ షిఫ్టు ఉద్యోగాలూ ఉన్నవాళ్లకు కుదరదు, కుదరలేదని మీటింగులకు వెళ్లడమే మానేస్తారు. వారానికి మూడు నాలుగు, అందులో ఒకటి రెండు ఆన్‌లైన్, మొదటి మూడు నెలలకు ఇది మోయగలిగిన భారం. అరడజను వేర్వేరు మీటింగులు చూశాక ఒకదాన్ని సొంతం చేసుకోండి, దాన్నే హోమ్ గ్రూప్ అంటారు. అక్కడ కుర్చీలు వేయడమో, కప్పులు కడగడమో, తాళం తీయడమో ఒక చిన్న పని మీద వేసుకోండి. మనసు బాగాలేని రోజున మిమ్మల్ని కదిలించేది అదే: నేను వెళ్లకపోతే తలుపు తెరిచేవాళ్లు లేరు.

కొన్ని గ్రూపులు మంచివి కావు, అదీ చెప్పాలి. డాక్టర్ రాసిన మందులు ఆపేయమనేవాళ్లు, డబ్బు అప్పు అడిగేవాళ్లు, ఇంట్లోవాళ్లతో మాట్లాడవద్దనేవాళ్లు, కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు నంబర్లిచ్చి వెంటపడే మగవాళ్లు. వీటిలో ఏది కనిపించినా గ్రూపు మార్చండి, వివరణ ఇవ్వనక్కర్లేదు. ఇబ్బంది పెట్టిన మనిషి గురించి నడిపేవాళ్లకు చెప్పండి, నేరమైతే పోలీసులకే చెప్పండి.

మందుల మాట వచ్చింది కాబట్టి: నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్, డైసల్ఫిరామ్ తాగుడు చికిత్సలో వైద్యులు వాడేవే. డిప్రెషన్‌కో మూర్ఛకో వాడే మందులు వేరే జబ్బులకు, వాటినీ ఆపేయమనడం తప్పే. మందులు మింగితే అది నిజమైన మానడం కాదని ఎవరో పాతకాపు అనవచ్చు. సభ్యులెవరూ డాక్టర్ పాత్ర వేయకూడదని ఏఏ తన ప్రచురణలోనే చెప్పింది, ఆ మాట ఆయనకు గుర్తు చేయవచ్చు.

స్పాన్సర్

ఏఏలో మీకన్నా ముందు మానిన ఒక సభ్యుడు మీకు మెట్లు చూపిస్తూ తోడుంటాడు. ఆయనే స్పాన్సర్. ఇందాక చెప్పిన, గుట్టు విప్పుకోగల మనిషి ఈయనే. ఎవరినో కేటాయిస్తారని ఎదురుచూడకండి, మీరే అడగాలి. బాగా మాట్లాడే మనిషి కన్నా, ఇంట్లోవాళ్లతో, ఉద్యోగంలో కుదురుగా ఉన్న మనిషిని చూసుకోండి. కనీసం ఏడాదిగా తాగకుండా ఉండాలి, మెట్లు తాను చేసి ఉండాలి. ప్రేమ, ఆకర్షణ మొలకెత్తే అవకాశం లేని మనిషి అయి ఉండాలి, అందుకే ఆడవాళ్లకు ఆడవాళ్లు, మగవాళ్లకు మగవాళ్లు అన్న ఆనవాయితీ. తొందరగా తేల్చుకోలేకపోతే "కొన్నాళ్లు తాత్కాలికంగా ఉంటారా?" అని అడగండి. కుదరకపోతే మార్చుకోవడం మామూలే. స్పాన్సర్ మీకు అప్పులిచ్చేవాడు కాదు, మీ పెళ్లి నిర్ణయించేవాడూ కాదు.

మళ్లీ తాగితే

తాగిన మర్నాడు గ్రూపులో ముఖం చూపించడం చాలా కష్టం. పోయిన నెల బిళ్ల తీసుకున్నప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లే ఎదురుగా ఉంటారు. ఏఏలో రోజుల లెక్క మొదటికి వస్తుంది, నిజమే. కానీ ఆ రోజుల్లో నేర్చుకున్నదేదీ పోదు, నంబర్లూ పోవు. వెళ్లి "మొన్న తాగాను" అని ఒక్క ముక్క చెప్పి కూర్చోండి. ఆ గదిలో ఆ మాట అన్న మొదటి మనిషి మీరు కారు. ఎక్కువ రోజులు వరుసగా తాగి ఉంటే మాత్రం మొదట చెప్పినట్టు ముందు డాక్టర్, తర్వాత మీటింగ్. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మీటింగ్ వేళ కోసం ఆగకండి, ఆ నిమిషంలోనే అత్యవసర సేవలకో దగ్గరున్న మనిషికో చెప్పండి.

ఇంట్లోవాళ్లకు

బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో మరో స్నేహితురాలితో కలిసి అల్-అనాన్ ప్రారంభించింది. తాగేవాళ్ల భార్యలకు, భర్తలకు, తల్లిదండ్రులకు, స్నేహితులకు అది. టీనేజీ పిల్లల కోసం 1957 నుంచి అలాటీన్ ఉంది. మీ మనిషి మానినా మానకపోయినా మీరు వెళ్లవచ్చు, ఆయన అనుమతి అక్కర్లేదు.

ఆయన మీటింగులకు వెళ్లడం మొదలుపెడితే మొదటి వారాల్లో ఇంట్లో కొత్త రకం చిరాకు పుడుతుంది. ఇన్నాళ్లూ బార్‌లో ఉన్నాడు, ఇప్పుడు మీటింగ్‌లో ఉన్నాడు, ఇంటికి మాత్రం దొరకడు. ఫోన్‌లో ఎవరితోనో గుసగుసలు. ఆ కోపం న్యాయమైనదే, అల్-అనాన్‌లో చెప్పుకోండి. మీటింగ్ నుంచి వచ్చిన మనిషిని ఎవరెవరు వచ్చారు, ఏం చెప్పారు, నా గురించి ఏమన్నావు అని ఆరా తీయకండి. మీటింగ్ రోజుల్లో ఆ రెండు గంటలకు చుట్టాల పనులు, బ్యాంకు పనులు పెట్టకండి. ఓపెన్ మీటింగ్‌కి రమ్మని ఆయనే అడిగితే ఒకసారి వెళ్లండి. అడగకపోతే వదిలేయండి.